ఎలుకల బోను నుంచి ఇనుప జాలీ దాకా: మా ఇంట్లో నాలుగేళ్ళు వాడి చూసినవి

2021 డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున మా అత్తయ్య దుప్పటి తీస్తే, కాళ్ళ దగ్గర అరచేయంత రక్తపు మరక. ఆవిడకి నొప్పి లేదు. "గోరు ఎక్కడో గీరుకుని ఉంటుందిలే అమ్మాయ్" అన్నారు. లైటు వేసి చూశాను. కుడికాలి బొటనవేలు చివర చర్మం కొరికేసి ఉంది. దాని పక్కనే రెండు సన్నటి పళ్ళ గాట్లు. ఇరవై ఏళ్ళుగా షుగరు ఉన్న మనిషి, పాదాలకు స్పర్శ ఎప్పుడో తగ్గిపోయింది. ఎలుక ఎంతసేపు కొరికిందో ఆవిడకే తెలియలేదు, పక్క గదిలో పడుకున్న మాకేం తెలుస్తుంది?

కుళాయి కింద కాలు పెట్టించి, సబ్బుతో 15 నిమిషాలు కడిగాను. పసుపు పెడదామని మా వారు అన్నారు గానీ నేను పెట్టనివ్వలేదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. టీటీ ఇంజెక్షన్ చేసి, యాంటీబయాటిక్ రాసిచ్చారు. రేబిస్ టీకా వేయించాలా అని అడిగాను. ఇంటి ఎలుక కాటుకు ఆ అవసరం చాలా అరుదుగా పడుతుందని, అత్తయ్యకు అక్కర్లేదని డాక్టరు చెప్పారు. కానీ మూడు వారాల పాటు ఒంటి మీద కన్నేసి ఉంచమన్నారు. ఎలుక కాటు వల్ల వచ్చే జ్వరం ఒకటి ఉందట. వణుకుతో జ్వరం, కీళ్ళ నొప్పులు, చేతులకూ పాదాలకూ దద్దుర్లు వస్తే వెంటనే రమ్మన్నారు. అప్పటికి గాయం మానిపోయి ఉన్నా సరే, ఎలుక కరిచిందన్న సంగతి మర్చిపోకుండా చెప్పమన్నారు. దేవుడి దయవల్ల జ్వరం రాలేదు. పుండు మానడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. షుగరు కాలు కదా, ఆ రెండు నెలలూ వేలు ఉంటుందా పోతుందా అన్న టెన్షన్‌తోనే గడిచింది.

మాది కృష్ణా డెల్టాలో పాత పెంకుటిల్లు. పెరటి గోడ దాటితే వరి చేలు. కోతలు అయ్యాక చేలో తిండి కరువై ఎలుకలు ఊళ్ళోకి వస్తాయి. మా వసారాలో బియ్యం బస్తాలు, అటక మీద పాత సామాను. వాటికి అంతకన్నా ఏం కావాలి? ఈ నాలుగేళ్ళలో బజారులో దొరికేవన్నీ తెచ్చి వాడాం. రాత్రి అత్తయ్య మంచం దాకా ఎలుక రాకుండా ఏది ఆపింది అన్న ఒక్క లెక్కతోనే ఇదంతా రాస్తున్నాను.

మొదట తెచ్చింది వైరు బోను. లోపలి కొక్కేనికి కాల్చిన ఎండు కొబ్బరి ముక్క గుచ్చాం. మొదటి నాలుగు రోజులు ఒక్కటీ పడలేదు. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం, దాని దరికి రాదు. ఐదో రోజు నుంచి వారంలో మూడు పడ్డాయి. తలుపు తెరిచే పెట్టి, రెండు మూడు రోజులు ఊరికే తిననిచ్చి, తర్వాత కొక్కెం బిగిస్తే బాగా పడతాయని అనుభవం మీద తెలిసింది. గది మధ్యలో పెడితే లాభం లేదు. ఎలుక గోడను ఒరుసుకుంటూ నడుస్తుంది కాబట్టి గోడ వారగానే పెట్టాలి. బోను మంచి వస్తువే, ఇప్పటికీ వాడుతున్నాం. కానీ మూడు పట్టేలోపు నాలుగు కొత్తవి వస్తుంటే అదొక్కటే ఏం చేస్తుంది? ఎలుక మూడు వారాలు మోసి, ఒక్క ఈతలో ఏడెనిమిది పిల్లల్ని పెడుతుంది.

జిగురు అట్ట ఒక్కసారే వాడాం. అర్ధరాత్రి ఆ ఎలుక అరిచిన అరుపు మా చిన్నవాడు వారం రోజులు మర్చిపోలేదు. తెల్లారేదాకా బతికే ఉంది. మళ్ళీ తేలేదు, మీరూ తేవద్దనే చెబుతాను.

మనకు వినపడని శబ్దంతో ఎలుకలను తరుముతాయని అమ్మే, ప్లగ్గులో పెట్టే యంత్రాలు రెండు, 1,200 రూపాయలు పోసి తెప్పించాం. వారం రోజులు సందడి తగ్గినట్టే అనిపించింది. పదో రోజు ఆ యంత్రానికి రెండు మూరల దూరంలోనే ఎలుక బియ్యం బస్తా కొరికేసింది. ఆ శబ్దం గోడలు దాటదు, బస్తాల వెనక్కి పోదు, పైగా ఎలుకలు దానికి అలవాటు పడిపోతాయి. అమెరికాలో ఇలాంటివి అమ్మే కంపెనీలను అక్కడి ప్రభుత్వ సంస్థ 2001లోనే హెచ్చరించిందని తర్వాత చదివాను. డబ్బులు దండగ.

ఎలుకల మందు గురించి జాగ్రత్తగా చెప్పాలి. బ్రోమాడియోలోన్ అనే విషం కలిపిన కేకులు పెట్టాం. అవి తిన్న ఎలుక మూడు నాలుగు రోజులకు గానీ చావదు, ఎక్కడ చస్తుందో మన చేతిలో ఉండదు. మా ఇంట్లో ఒకటి అటక మీద ట్రంకు పెట్టెల వెనక చచ్చి, పది రోజులు కంపు కొట్టింది. అయినా పొరపాటున మనుషులు తింటే దానికి విటమిన్ కె1 అనే విరుగుడు ఉంది. టూత్‌పేస్టులా ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం మందుకు మాత్రం విరుగుడు లేదు, లివరును దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. పిల్లలున్న ఇంట్లోకి ఆ ట్యూబు అసలు రానివ్వకండి. ఈ మాట చేతులు జోడించి చెబుతున్నాను.

మా ఇంటిని కాపాడింది సందులు మూయడమే. మొదట ఎటునుంచి వస్తున్నాయో తెలియాలి. రాత్రి పడుకోబోయే ముందు గోడల వెంబడి పల్చగా ముగ్గు పిండి చల్లాను. పొద్దున్నే చూస్తే చిన్న చిన్న పాదాల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత, తిన్నగా వంటింటి తూము దగ్గర ఆగాయి. గ్యాసు బండ వెనక పైపు కోసం కొట్టిన కన్నం చుట్టూ గోడ నల్లగా జిడ్డు పట్టి ఉంది. రోజూ ఒళ్ళు రాసుకుంటూ పోతే పడే మరక అది. చూరు కింద వాసాలకూ గోడకూ మధ్య నాలుగు చోట్ల ఖాళీలు. పెరటి తలుపు కింద నా బొటనవేలు దూరేంత సందు. ఎలుకకు అరంగుళం చాలు, చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత ఉన్నా సరిపోతుంది.

మొదటిసారి ఉత్త సిమెంటుతో పూడ్చి తప్పు చేశాం, అది ఆరకముందే రాత్రికి రాత్రి తవ్వేశాయి. రెండోసారి తాపీ మేస్త్రిని పిలిచాం. గిన్నెలు తోమే స్టీలు పీచును కన్నంలో గట్టిగా కుక్కి, పైన గాజు పెంకులు కలిపిన సిమెంటు పెట్టారు. అది ఈ రోజుకీ చెక్కు చెదరలేదు. తూముకూ చూరుకూ పావు అంగుళం కన్నున్న ఇనుప జాలీ కొట్టించాం. ప్లాస్టిక్ దోమల జాలీ పనికిరాదు, ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. తలుపు కింద రబ్బరు పట్టీ ఐదు నెలలు నిలిచింది, తర్వాత అంచు నమిలేశాయి. దాని బదులు అల్యూమినియం రేకు కొట్టించాం. కప్పు మీదికి వాలిన జామ కొమ్మలు నరికించాం. కూలీతో కలిపి మొత్తం 3,400 అయింది. బస్తాల బియ్యం ఇనుప డ్రమ్ములోకి మార్చడానికి అయిన ఖర్చు వేరు.

ఇది 2022 వేసవిలో ముగించాం. ఆ ఏడు కోతలప్పుడు ఇంట్లోకి వచ్చినవి రెండే, రెండూ బోనులో పడ్డాయి. పోయినేడు ఒక్కటి. పాత పెంటికలు ఎత్తేటప్పుడు పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. బ్లీచింగ్ పౌడరు నీళ్ళు చల్లి, కాసేపు నానాక గుడ్డతో తీసి పారేయాలి.

ఇంత చేసినా అత్తయ్య మంచానికి దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపుతున్నాను. ఎలుక దోమతెరను కొరకదని కాదు, నిద్రలో కాలు మంచం బయటికి వేలాడకుండా ఉంటుందని. అన్నం తిన్నాక చేతులూ మూతీ సబ్బుతో కడిగించే పడుకోబెడతాను, తిండి వాసనకే అవి వేళ్ళ దగ్గరికి వస్తాయి. పాలు తాగి నిద్రపోయే పసిపిల్లలకు కూడా ఇదే జాగ్రత్త కావాలి. పొద్దున్నే కాఫీ ఇవ్వడానికి ముందు టార్చి వేసి పది వేళ్ళూ, అరికాళ్ళూ చూస్తాను. మొదట్లో "ఎందుకమ్మాయ్ నా కాళ్ళు పట్టుకుంటావు" అని మొహమాటపడేవారు. ఇప్పుడు టార్చి కనబడగానే ఆవిడే దుప్పటి తీసి కాళ్ళు చాపుతున్నారు.