గోవిందు గీసిన ఆర్కిడ్లు మా గోడ మీదికి: కడపలో ప్రింటింగ్ షాపు అనుభవం

ఈస్టిండియా కంపెనీ సర్జన్‌గా మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ 1838 నుంచి 1853 వరకు వేయించిన దక్షిణాది మొక్కల బొమ్మలు రెండు వేలకు పైనే ఉన్నాయి. కాపీరైట్ ఎప్పుడో పోయింది కాబట్టి స్కాన్‌లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో పన్నెండు ఏరుకుని కడప ఏడు రోడ్ల దగ్గర ఒక షాపులో ప్రింటుకిచ్చాను.

మొదటిసారి వచ్చినవి చూసి బాధేసింది. అవి రంగుల్లేని లితోగ్రాఫులు, అంటే రాతిపలక మీద గీసి అచ్చువేసిన బొమ్మలు, ప్రాణమంతా సన్నని గీతల్లోనే ఉంటుంది, వీళ్లేమో మెరిసే కాగితం మీద నలుపు బాగా పెంచి కొట్టేసరికి ఆకుల ఈనెలన్నీ ముద్దయిపోయాయి. పైగా కింద చిత్రకారుడి పేరున్న అంచు కత్తిరించేశారు! నాకు ముఖ్యం అదే కదా. రంగయ్య, గోవిందు అనే మనవాళ్లే ఆ బొమ్మలు చాలావరకు గీసింది. గోవిందు పనితనం మీద గౌరవంతో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు పెట్టాడు, ఇప్పుడది ట్రోపిడియా అనే మరో ప్రజాతిలో కలిసిపోయిందనుకోండి.

ఈ కథంతా చెప్తే కౌంటర్లో ఉన్న అబ్బాయి ఆసక్తిగా విని, మెరుపు లేని మందపాటి కాగితం మీద, అంచు వదిలి, మళ్లీ డబ్బులడక్కుండా వేసిచ్చాడు. ఈసారి కేసరాలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి.

మీరు వెళ్తే స్కాన్ పెద్ద సైజులో తీసుకెళ్లండి, ముందు ఒక్క పేజీ వేయించి చూడండి. సాయంత్రం మాత్రం పెళ్లిపత్రికల రద్దీ, ఉదయమే నయం.