ఢిల్లీలో మనోళ్ళకి ఏది మేలు: స్నేహమా, పోట్లాటా, బిల్లులో రాతా?

పెళ్ళిళ్ళ సీజన్ వస్తే చాలు, రెండు పార్టీల పెద్ద తలకాయలు పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటున్న ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిరుగుద్ది, కింద ఒకటే మాట, "వాళ్ళు వాళ్ళు బానే ఉంటారు, మధ్యలో కొట్టుకు చచ్చేది మనమే" అని. తెనాలి పక్కన మా పెదనాన్న గారి ఊళ్ళో రెండు పార్టీలకి టీ కొట్లు కూడా వేరే, ఇటోళ్ళు అటెళ్ళి టీ తాగరు, కాబట్టి ఆ కోపం నాకు బాగా తెలుసు. కానీ ఫోటో చూసి తిట్టే ముందు వాళ్ళ స్నేహం వల్ల మనకి ఏం ఒరిగింది, పోట్లాట వల్ల ఏం ఒరిగింది అని లెక్క చూసుకోవాలి కదా.

ముందు స్నేహం. 1991లో పీవీ గారు ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో నిలబడితే ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు, తెలుగువాడు ప్రధాని అయ్యాడు మనం అడ్డం పడకూడదు అని. కాంగ్రెస్ మీదే పార్టీ పెట్టిన మనిషి అలా చేశాడంటే చిన్న విషయం కాదండీ. పీవీ గారు ఐదు లక్షల పైచిలుకు మెజార్టీతో గెలిచారు. తర్వాత 1994లో కాశ్మీర్ మీద పాకిస్తాన్ జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం పెడితే పీవీ గారు మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయి గారిని పంపించారు, పాకిస్తాన్ ఆ తీర్మానం వెనక్కి తీసుకుంది. అంతకుముందు వాజ్‌పేయి గారికి కిడ్నీ జబ్బు చేస్తే రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితి బృందంలో పేరు వేసి న్యూయార్క్ పంపించి వైద్యం చేయించుకు రమ్మన్నారు, ఆ మాట వాజ్‌పేయి గారే చెప్పుకున్నారు. ఇంక జైపాల్ రెడ్డి గారు పోయినప్పుడు, 2019లో, రాజ్యసభ ఛైర్మన్ కుర్చీలో కూర్చుని వెంకయ్య నాయుడు గారు ఏడ్చేశారు. ఒకళ్ళు కాంగ్రెస్, ఒకళ్ళు బీజేపీ, కానీ కుర్రతనంలో అసెంబ్లీలో పక్కపక్కన కూర్చున్నోళ్ళు. ఆ వీడియో చూసినప్పుడు నాకూ గొంతు పట్టేసింది. వీటిని నాటకం అనటం తప్పు.

పోట్లాట సంగతి మా బెజవాడ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 13న విభజన బిల్లు పెట్టిన రోజు మా ఎంపీ లగడపాటి రాజగోపాల్ గారు లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆ రోజు ఇక్కడ చాలామంది శభాష్ అన్నారు, అంత కడుపు మంట మరి. ఏమైంది? సస్పెండ్ చేశారు, ఐదో రోజుకల్లా టీవీలో లైవ్ ఆపేసి లోక్‌సభలో బిల్లు పాస్ చేసేశారు.

సరే పోట్లాట పనికిరాలేదు, మరి రెండు పార్టీలు కలిస్తే మేలా అంటే, అదే వారం అది కూడా చూశాం. ఆ బిల్లుకి కాంగ్రెసూ ఓకే, బీజేపీ ఓకే. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఏపీకి ఐదేళ్ళు ప్రత్యేక హోదా అన్నారు, వెంకయ్య గారు ఐదు చాలదు పదేళ్ళు కావాలన్నారు. పెద్దమనుషులే, మర్యాదగా మాట్లాడుకున్నారు, నిండు సభలో మాట ఇచ్చారు. కానీ ఆ మాట చట్టంలో రాయలేదు! రాయలేదు కాబట్టే 2016లో హోదా బదులు ప్యాకేజీ చేతిలో పెట్టారు, మనం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం.

అదే విభజన చట్టంలో రాసినవి చూడండి. ఎయిమ్స్ అని 13వ షెడ్యూల్లో రాశారు, మంగళగిరిలో కొండ పక్కన కనపడుతోంది, గుంటూరు నుంచీ బెజవాడ నుంచీ జనం పొద్దున్నే ఓపీకి వెళ్తున్నారు. పోలవరం జాతీయ ప్రాజెక్టు అని 90వ సెక్షన్‌లో రాశారు, పని నత్తనడక నడిచినా డబ్బు అడగటానికి ఒక సెక్షన్ అంటూ ఉంది. అదే రైల్వే జోన్‌కి "పరిశీలించాలి" అని మాత్రం రాశారు, ఆ ఒక్క మాట వల్ల ప్రకటన రావటానికే 2019 దాకా పట్టింది. రాసినదాంట్లో కూడా ఏ క్రియాపదం వాడారన్నది చూసుకోవాలండీ.

అందుకే నన్నడిగితే స్నేహం కావాలి, కానీ అది కాగితం దాకా రావాలి. అలా రావటానికి చోటు పార్లమెంటు స్టాండింగ్ కమిటీలు, అంటే శాఖలవారీగా బిల్లులూ ఖర్చులూ పరిశీలించే ఎంపీల బృందాలు. పీవీ గారి టైంలో 1993లో పెట్టారు, ఇప్పుడు 24 ఉన్నాయి, ఒక్కోదాంట్లో రెండు సభల నుంచి 31 మంది, అన్ని పార్టీలవాళ్ళూ ఉంటారు. అక్కడ విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశం, ఉండదు, కెమెరాలు ఉండవు, అరిచినా చూసేవాళ్ళు లేరు కాబట్టి అరవరు, కూర్చుని మాట్లాడుకుంటారు, చివర్లో రిపోర్టు వస్తుంది. ప్రభుత్వం ఆ రిపోర్టు ఒప్పుకుని తీరాలని రూలేమీ లేదు, అది లోటే, కానీ రాతపూర్వకంగా జవాబైతే ఇవ్వాలి. పెళ్ళిలో నవ్వుకున్న ఫోటో కన్నా నాకు ఆ జవాబు ఎక్కువ.

ఈసారి ఎంపీ గారు మీ ఊరొస్తే అవతల పార్టీ ఆయనతో ఫోటో ఎందుకు దిగారు అని నిలదీయకండి. ఏ కమిటీలో ఉన్నారు, మీటింగులకి వెళ్తున్నారా, పక్క కుర్చీలో ఏ పార్టీ ఆయనున్నాడు, ఇద్దరూ కలిసి పోలవరం గురించి ఏం రాయించారు, అది అడగండి.