డైవింగ్‌కి హేవ్‌లాక్‌లో గది తీసుకోవాలా, మాల్దీవ్స్‌లో బోటా?

చెన్నై నుంచి అండమాన్‌లోని హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెళ్లాలంటే పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) రెండుంబావు గంటల ఫ్లైట్, ఆపైన ఫెర్రీ. అక్కడ గది తీసుకుని రోజూ పొద్దున్నే స్కూబా డైవింగ్‌కి వెళ్లి రావాలి. లివ్‌అబోర్డ్ అంటే మాల్దీవ్స్ రాజధాని మాలెలో బోటెక్కి వారం పాటు తిండీ, పడకా, డైవింగూ అన్నీ దాని మీదే.

మొత్తం రేటు చూస్తే బోటు గుండె గుభేల్మనిపిస్తుంది. డైవ్‌ల లెక్కన భాగించండి. ఏడు రాత్రుల్లో రోజుకి మూడు చొప్పున 17, 18 డైవ్‌లు పడతాయి. హేవ్‌లాక్‌లో పొద్దున రెండు ట్యాంకులతో, అంటే రెండు డైవ్‌లతో సరి, నాలుగు రోజులకి ఎనిమిది. అయితే బోటు రేటులో అద్దె గేరు, నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి), టిప్పులు, మాల్దీవ్స్ ప్రభుత్వానికి కట్టే గ్రీన్ ట్యాక్స్ కలిశాయో లేదో అడిగాకే భాగించాలి. 2025 నుంచి ఆ ట్యాక్సే మనిషికి రోజుకి 12 డాలర్లు.

ఈ లెక్కంతా చెవి సహకరిస్తేనే. మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెండింతలవుతుంది. నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, మీటరుకోసారి ముక్కు మూసి మెల్లిగా ఊదాలి. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే దెబ్బే. ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి. రోజుకి మూడుసార్లు దిగేవాళ్లకి మూడో రోజుకల్లా చెవి నుంచి గొంతుకి వెళ్లే నాళం వాచి మూసుకుపోవచ్చు. హేవ్‌లాక్‌లో అయితే రెండు రోజులు కొబ్బరిచెట్ల కింద కూర్చోవచ్చు, బోటులో కట్టిన డబ్బు నీళ్లపాలే. జలుబు మాత్ర వేసుకుని దిగడం ఇంకా ప్రమాదం: అడుగున మందు ప్రభావం తగ్గితే పైకొచ్చేటప్పుడు గాలి చెవిలోనే చిక్కుకుంటుంది.

అందుకే లాగ్‌బుక్‌లో (డైవ్‌లు రాసుకునే పుస్తకంలో) 30 డైవ్‌లు లేనివాళ్లకి మా ఓటు గదికే. మాల్దీవ్స్ కాలువల్లో నీటి ప్రవాహం జోరుగా ఉంటుంది. ఎస్‌ఎంబీ (మీరెక్కడున్నారో పైవాళ్లకి చూపే గాలి గొట్టం) వదలడం రాకపోతే, డైవర్లని ఎక్కించుకునే చిన్న పడవ ధోనీ మిమ్మల్ని వెతుక్కోవాల్సి వస్తుంది.

బోటే అనుకుంటే నైట్రాక్స్ కార్డు ముందే తీసుకోండి. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ పట్టికల ప్రకారం 30 మీటర్ల దగ్గర ఉండగలిగేది మామూలు గాలితో 20 నిమిషాలు, 32 శాతం నైట్రాక్స్‌తో 30. నాలుగు ఓ-రింగులు (ట్యాంకు వాల్వు దగ్గర గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) సంచిలో పడేసుకోండి. వాల్వు తిప్పగానే సుయ్‌మంటే చాలాసార్లు ఓ-రింగే నలిగి ఉంటుంది. వాల్వు మూసి, నోట్లో పెట్టుకునే భాగం మీది పర్జ్ బటన్ నొక్కి గాలి వదిలాకే రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) విప్పాలి.

రాత్రి కాపలా ఎవరు, కింది క్యాబిన్లకి రెండో దారి ఎక్కడ అన్నవి బుకింగ్‌కి ముందే అడగాలి. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో ఒక డైవ్ బోటు రాత్రిపూట అంటుకుని 34 మంది పోయారు. ఆ రాత్రి కాపలా లేదు.

ఎక్కడికెళ్లినా చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలుండాలి. బోటువాళ్లు ఆ లెక్క వాళ్లే చూసుకుంటారు. హేవ్‌లాక్‌లో మీరే చూసుకోవాలి: చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకుంటే, సముద్రం బాగోలేక ఒక ఫెర్రీ రద్దయినా చెన్నై ఫ్లైట్ మిస్సవదు.