బూరుగు దూది దిండు మీద నాలుగేళ్లు

ధ్యానానికి దిండు కొనాలా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కొనకండి, కుట్టించుకోండి. నాలుగేళ్లుగా పొద్దున గంట, సాయంత్రం అరగంట నేను కూర్చుంటున్నది మా ఊళ్లో పరుపులు కుట్టే ఆయన చేసిచ్చిన దిండు మీదే. గుండ్రంగా 14 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు, లోపల బూరుగు దూది, పైన ఉతుక్కునే గలీబు.

అంతకుముందు చాప మీద దుప్పటి మడతేసుకుని, మఠం వేసుకుని కూర్చునేదాన్ని. పది నిమిషాలకే నడుము వెనక్కి జారి, వీపు గూనిలా వంగిపోయేది. మోకాళ్లు రెండూ గాల్లోనే. ఒక యోగా క్లాసులో పద్మాసనం వేస్తేనే ధ్యానం కుదురుతుందన్నారు. బలవంతాన వేశాను. తుంటి కీలు తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. ఎడమ మోకాలి నొప్పి తగ్గడానికి మూడు నెలలు పట్టింది.

అసలు సంగతి తెలిసింది హైదరాబాద్ శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రంలో. పది రోజుల శిబిరంలో సగం దగ్గర పడేసరికి రోజుకు మూడుసార్లు, గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా కూర్చోవాలి. అధిష్ఠానం అంటారు. ఐదో రోజు సాయంత్రం ఆ గంట అయ్యాక లేవబోతే ఎడమ పాదం ఉందో లేదో తెలియనంత తిమ్మిరి. గోడ పట్టుకుని నిలబడ్డాను. మర్నాడు నా ముందు వరసలోని పెద్దావిడ ఎలా కూర్చుంటున్నారో చూశాను. దిండు మీద దిండు వేసి, ముందు అంచు మీద మాత్రమే కూర్చున్నారు. మోకాళ్లు చక్కగా నేలకు ఆనాయి. కుడి మోకాలు కాస్త ఎత్తుగా ఉంటుందేమో, దాని కింద తువ్వాలు మడత. నేనూ అలాగే చేశాను. నొప్పి పోలేదు గానీ, వీపు మాత్రం పట్టి నిలబెట్టకుండానే నిలబడింది.

తుంటి మోకాళ్ల కంటే ఎత్తులో ఉండాలి. ఏ ఆసనం అన్నది ఆ తర్వాతి మాట. గీత ఆరో అధ్యాయంలో ఆసనం మరీ ఎత్తుగా, మరీ పల్లంగా ఉండకూడదని ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్నదే, కూర్చుని చూశాక గానీ తెలియలేదు.

ఇక దిండు సంగతి. మొదట ఆన్‌లైన్‌లో స్పాంజి దిండు తెప్పించాను. ఇరవై నిమిషాలకు అణిగిపోయి నేల తగిలేది, ఎండాకాలం ఒకటే చెమట. బూరుగు దూది గట్టిగా కూరితే అంత తొందరగా దిగదు, ఒంటికి వేడి చెయ్యదు. లోపమూ ఉంది. నా దిండు ఎనిమిది నెలల్లో 6 అంగుళాల నుంచి 4కి దిగింది. ఎండలో పెడితే కొంత పొంగుతుంది, అయినా ఏడాదికోసారి కొత్త దూది కూరించాల్సిందే. వానాకాలం ఎండ చూపించకపోతే ముక్కవాసన వస్తుంది. కుట్టించేటప్పుడే పక్కన జిప్పు పెట్టించుకోండి. నాది ప్రతిసారీ కుట్టు విప్పాల్సి వస్తోంది.

మోకాళ్లు అరిగినవాళ్లు దీని జోలికి రావద్దు. మా అత్తయ్యగారు కుర్చీలోనే కూర్చుంటారు, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కింద పీట వేసుకుని. ఆవిడ కూర్చునే తీరు నాకంటే నిలకడగా ఉంటుంది.

దిండు కింద పలచటి బొంత కూడా పరవండి. నా చీలమండ ఎముక మీద కాయ కాచిన నల్లమచ్చ, బొంత పరిచాకే మెత్తబడింది.