ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాస్తే కాలేజీలో ఏడాది మిగులుతుందా? మా అనుభవంతో రివ్యూ

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనో వైపు మన తెలుగువాళ్ల ఇళ్లల్లో పిల్లలు తొమ్మిదో తరగతికి రాగానే వినపడే ప్రశ్న "మీవాడు ఎన్ని ఏపీలు రాస్తున్నాడు?" అని. ఏపీ అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి సబ్జెక్టు చదివి రాసే పరీక్ష, మంచి స్కోరు వస్తే కాలేజీలో ఆ కోర్సు చదివినట్టే లెక్కేసి క్రెడిట్లు ఇస్తారు. ఎన్ని అన్నది కాదు, ఏవి అన్నది అడగాలి. మా అమ్మాయి టెక్సస్‌లోనే ఒక పబ్లిక్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. చేరేటప్పటికే ఏపీ క్రెడిట్లు ముప్పై దాటాయి, డిగ్రీకి దాదాపు 120 కావాలి కాబట్టి ఏడాది మిగిలిందనే అనుకుంటాం కదా. చివరికి మిగులుతున్నది ఒక్క సెమిస్టర్.

ఎందుకంటే, డిగ్రీ ఆడిట్ అని ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉంటుంది, ఏ క్రెడిట్ ఏ గడిలో పడిందో అందులో కనిపిస్తుంది. క్యాలిక్యులస్ బీసీ (ఏపీ క్యాలిక్యులస్‌లో పై స్థాయిది) నేరుగా కాలేజీ మొదటి రెండు క్యాలిక్యులస్ కోర్సులైన క్యాల్క్ 1, క్యాల్క్ 2 గడుల్లో పడింది, ఇంగ్లిష్, అమెరికా చరిత్ర అందరూ చదివి తీరాల్సిన కోర్ గడుల్లో పడ్డాయి. ఎంతో కష్టపడి రాసిన హ్యూమన్ జాగ్రఫీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మాత్రం అడుగున, డిగ్రీకి లెక్కలోకి రాని ఎలెక్టివ్‌ల కింద పడి ఉన్నాయి. మొత్తం క్రెడిట్ల అంకె పెద్దదే, కానీ అందులో చాలా భాగం ఎందుకూ అక్కరకు రాదు.

ఇంకో విషయం, ఇంజనీరింగ్‌లో కోర్సులన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. సర్క్యూట్స్ అయ్యాకే సిగ్నల్స్, అది అయ్యాకే పై కోర్సులు, పైగా కొన్ని ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే చెబుతారు. చరిత్రలో ఎన్ని క్రెడిట్లు తెచ్చుకున్నా ఆ వరస తగ్గదు. వరస మొదట్లో ఉన్నవాటిని దాటించేది క్యాలిక్యులస్ బీసీ, ఫిజిక్స్ సీ (క్యాలిక్యులస్ వాడి చెప్పే ఫిజిక్స్), కంప్యూటర్ సైన్స్ వాళ్లకైతే సీఎస్ఏ (కంప్యూటర్ సైన్స్ ఏ) కూడా. సమయం నిజంగా మిగిల్చేవి ఇవే.

టెక్సస్ వాళ్లకి ఒక మేలు ఉంది. 2015లో తెచ్చిన చట్టం వల్ల పబ్లిక్ కాలేజీలు మామూలుగా 5కి 3 స్కోరుకే క్రెడిట్ ఇవ్వాలి, అంతకన్నా ఎక్కువ అడగాలంటే ఎందుకో ఆధారం చూపించాలి. గవర్నమెంట్ (అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) సబ్జెక్టు దగ్గర మాత్రం జాగ్రత్త, ఇక్కడ డిగ్రీకి టెక్సస్ రాజ్యాంగం కూడా చదివి తీరాలి, ఏపీ పేపర్లో అది ఉండదు, కాబట్టి ఆ ఒక్క పరీక్షతో పని పూర్తి కాకపోవచ్చు.

ప్రైవేటు కాలేజీల మీద ఆశ ఉంటే లెక్క వేరు. కాల్‌టెక్, డార్ట్‌మత్, బ్రౌన్ లాంటి చోట్ల ఏపీ స్కోరుతో డిగ్రీ క్రెడిట్లు రావు, మహా అయితే పై కోర్సులో కూర్చోనిస్తారు. ఎంఐటీలో క్యాలిక్యులస్ బీసీలో 5 వస్తే మొదటి మ్యాథ్స్ కోర్సుకి క్రెడిట్ ఇస్తారు, బయాలజీ, కెమిస్ట్రీకి ఇవ్వరు. మెడిసిన్ అనుకునేవాళ్లు ఇంకా ముందే చూసుకోవాలి, చేరేముందు చదివి తీరాల్సిన సైన్స్ ప్రీ రిక్విజిట్‌లకి ఏపీ క్రెడిట్ ఒప్పుకోని మెడికల్ స్కూళ్లున్నాయి.

డబ్బు సంగతికొస్తే, 2025లో పరీక్ష ఫీజు 99 డాలర్లు. డిగ్రీలో సరైన గడిలో పడితే ఇంతకన్నా చవకైన కోర్సు అమెరికాలో దొరకదు, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నా. అయితే కొన్ని యూనివర్సిటీల్లో 12 క్రెడిట్లు దాటాక ఎన్ని తీసుకున్నా ఒకటే ఫీజు, అక్కడ ఒకటి రెండు కోర్సులు తగ్గితే పైసా మిగలదు, పూర్తి సెమిస్టర్ తగ్గితేనే లాభం.

మాకు బాగా టెన్షన్ పెట్టింది ఓరియెంటేషన్, అంటే కొత్తగా చేరేవాళ్లని పిలిచి కోర్సులకి రిజిస్టర్ చేయించే కార్యక్రమం. పన్నెండో తరగతి పరీక్షలు మేలో అవుతాయి, స్కోర్లు జులైలో వస్తాయి, అమ్మాయి రిజిస్ట్రేషన్ జూన్‌లోనే పడింది. స్కోరు రాకముందే క్యాల్క్ 3లో సీటు పట్టుకోవాలి, సిస్టమ్ ఒప్పుకోలేదు, అడ్వైజర్‌కి రాసి పర్మిషన్ తెచ్చుకోవాల్సి వచ్చింది. అడగకపోతే ఆ సెమిస్టర్ పోయేదే. అందుకే వీలైతే క్యాలిక్యులస్ బీసీ పదకొండులోనే పూర్తి చేయించండి, పన్నెండులో రాసేవాళ్లయితే ఓరియెంటేషన్‌కి వెళ్లేముందే అడ్వైజర్‌కి మెయిల్ పెట్టండి.

క్యాలిక్యులస్ బీసీకి, ఇంగ్లిష్‌కి 5 స్టార్లు. ఫిజిక్స్ సీకి 4, ఎందుకంటే కొన్ని డిపార్ట్‌మెంట్లు ల్యాబ్ విడిగా చేయమంటాయి. అంకె పెంచుకోవడానికి రాసే మిగతావాటికి 2, అది కూడా పిల్లలకి ఆ సబ్జెక్టు నిజంగా ఇష్టమైతేనే.