నల్లగొండ ప్రయాణం: చర్చి కట్టడం చూసేవాళ్లకు

హైదరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దగ్గర మలుపు. శనివారం సాయంత్రానికే చేరుకోండి. ఊళ్లో ఏదో ఒక చర్చిని ఆ రోజు ఖాళీగా, మర్నాడు ఆదివారం నిండుగా చూడొచ్చు. రెండిట్లో ఒకటే చూస్తే సగం చూసినట్టే. బసకు బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు చాలు, రోడ్డు వైపు గది మాత్రం వద్దు.

ముందు వాచ్‌మన్‌ను అడిగి, హాలు నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టండి. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 ఎత్తు, నున్నటి సిమెంటు గోడలు, టైల్స్ నేల అయితే మోత 8 సెకన్ల దాకా సాగుతుంది. 200 మంది కూర్చుంటే రెండు సెకన్ల లోపుకు దిగుతుంది. ప్రసంగం తేటగా వినబడాలంటే సెకను, సెకనున్నర చాలు. జంపఖానాలు తీసి ప్లాస్టిక్ కుర్చీలు వేశాక మాట కలగాపులగం అవుతుంది. దానికి ఇంకో స్పీకరు తగిలిస్తే మోతే పెరుగుతుంది. గుడ్డ మోతను మింగుతుంది, ప్లాస్టిక్ మింగదు, అంతే.

ఈ చిక్కు ముందే ఊహించి కట్టిన లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చి అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉంది. 1949లో పూర్తయింది, ఎలీల్ సారినెన్ రూపకల్పన. గోడలు సమాంతరంగా ఉండవు, కాబట్టి శబ్దం రెండిటి మధ్య బంతిలా కొట్టుకోదు. బలిపీఠం వెనక వంపు గోడ మీద పక్క నుంచి వెలుగు పడుతుంది, కిటికీ మాత్రం జనానికి కనబడదు.

కిటికీ దాచే విద్య ఇక్కడివాళ్లకు కొత్తేం కాదు. ఊరికి 4 కిలోమీటర్ల దూరంలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఆటోలో వెళ్లండి. పడమటి గర్భగుడిలో స్తంభం లాంటి నీడ రోజంతా కదలదు. సూటి ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుగు దానికి కారణం. కొత్త చర్చిల్లో బలిపీఠం వెనకే పెద్ద అద్దాల కిటికీ పెట్టి, ప్రసంగీకుడి ముఖం నల్లగా చేసేవాళ్లు ఒక్కసారి ఇది చూసి రావాలి.

నల్లగొండ, పాలమూరు వైపు బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు పాతవి. వాటిలో ముంచి బాప్తిస్మం ఇస్తారు కాబట్టి మనిషి దిగే తొట్టి కావాలి. లూథరన్ గుడికి నీళ్లు పోసే చిన్న తొట్టి చాలు. తెలుగునాట లూథరన్ల మొదటి ఊరు గుంటూరు, 1842లో.

వానాకాలం వెళ్తే గంట గోపురం స్లాబును తాకే చోట తడి మరకలు చూడండి. గోపురం బరువెక్కువ, పునాది ఎక్కువ దిగుతుంది. మధ్య సందు వదలకుండా కలిపి పోస్తే అక్కడే చీలుతుంది.