పంట తీసిన కుండీ మట్టి: బస్తాలో దాచాలా, కుండీలోనే ఉంచాలా, ఎండకు పెట్టాలా?

మే నెల వచ్చేసరికి చెన్నైలో మిద్దె తోటలు చాలావరకు ఖాళీ అవుతాయి. టమాట కాపు అయిపోతుంది, ఆకుకూరలు ఎండకు తాళలేవు. మళ్లీ విత్తనం పడేది ఎక్కువమంది ఇళ్లలో తమిళుల ఆడి మాసంలోనే, అంటే జూలై నడుమ. అందాకా కుండీల్లో మట్టిని ఏం చేయాలి? పారేసి కొత్తది కొనడం సులువే. కానీ ఎర్రమట్టి ఒక్క పంటతో పాడైపోయే వస్తువు కాదు. అందులో కలిపిన కొబ్బరి పొట్టు చివికి తగ్గుతుంది, ఎరువులోని సారాన్ని మొక్క వాడుకుంటుంది, అంతే. తగ్గినది కలిపితే సరిపోయేదానికి ఉన్నదంతా పారబోసి, మూడో అంతస్తుకు మళ్లీ బస్తాలు మోయడం నాకు బొత్తిగా నచ్చదు.

మొదటి దారి బస్తా. ఇల్లు మారేవాళ్లకు, మిద్దె మీద సున్నం వేయించుకునేవాళ్లకు ఇది తప్పదు. వేళ్లు ఏరేసి, మట్టిని నీడలో పొడిపొడిగా ఆరబెట్టి గోనెసంచిలో నింపాలి. తడి మట్టిని గాలి చొరని సంచిలో బిగిస్తే కుళ్లు వాసన పడుతుంది. బాగా ఎండిన కొబ్బరి పొట్టు మరో ఇబ్బంది: మొదటిసారి పోసిన నీరు లోపలికి ఇంకక అంచుల వెంట జారి కింది రంధ్రంలోంచి పోతుంది, నడుమ మట్టి పొడిగానే ఉంటుంది. దాన్ని తొట్టిలో పోసి చేత్తో కలుపుతూ తడపాల్సి వస్తుంది. వానపాములు ఎలాగూ బతకవు. అయితే నాకున్న అసలు అభ్యంతరం ఇవేవీ కావు. బస్తాలో పది కుండీల మట్టి ఒక్కటైపోతుంది. అందులో ఒక్క కుండీకి తెగులు ఉన్నా పదింటికీ పంచినట్లే.

రెండోది మట్టిని కుండీలోనే ఉంచడం. మొక్కను మొదలు దగ్గర కోసి వేళ్లను అలాగే వదిలేయాలి. పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు కప్పి, కుండీలన్నీ నీడకు చేర్చి, రెండు మూడు రోజులకోసారి కాస్త నీరు చిలకరిస్తే లోపలి జీవం చావదు. ఆకులకు బదులు అలసంద, పిల్లిపెసర చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే కప్పితే ఇంకా మేలు. సముద్రానికి దగ్గరి పేటల్లో బోరు నీరు ఉప్పగా ఉండి, మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. దాన్ని గీకి తీసేసి, ఒక మంచి వాన మట్టిలోంచి దిగిపోయేలా కుండీని ఆరుబయట ఉంచాలి. బస్తాలోని మట్టికి ఆ వీలు లేదు. వానతో పాటు కొంత నత్రజని కూడా కొట్టుకుపోతుంది, దాన్ని కంపోస్టుతో భర్తీ చేసుకోవచ్చు.

మూడోది ఎండ. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు మనకు ఊరికే దొరికే మందు. మట్టిని తడిపి, పలచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి పోకుండా బిగించి, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. నల్ల షీటు వద్దు, అది వేడిని తనలోనే ఉంచుకుంటుంది. మట్టి పొడిగా ఉంటే వేడి లోతుకు దిగదు. కానీ ఈ వేడికి చెడుతో పాటు మంచి సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి. అందుకే మిద్దె మీది కుండీలన్నింటికీ ఒకే తీరున షీటు కప్పమని నేను చెప్పను. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ పద్ధతి ఇంత బాగా కుదరదు. ఎండ తక్కువ, పైగా వేసవి జల్లులు.

మరి ఏ కుండీకి ఏది? వేరు చూసి నిర్ణయించాలి. ఏ కుండీలోనైనా మొక్క కారణం తెలియకుండా గిడసబారితే దాన్ని వేళ్లతో సహా పెకలించి నీటిలో కడగండి. బెండ, టమాట, వంగ వేళ్ల మీద పూసలు గుచ్చినట్లు ఉబ్బులు కనిపిస్తే అవి నులిపురుగుల (మట్టిలో ఉండి వేళ్లలో చేరే, కంటికి కనిపించని సన్నటి పురుగులు) బుడిపెలు. వేరే ఉబ్బి బుడిపె అవుతుంది కాబట్టి గోటితో గీరినా ఊడిరాదు. అలసంద వేళ్లకు ఉండే బుడిపెలను చూసి మాత్రం భయపడకండి. అవి పక్కకు అంటుకున్నట్లుండి, వేలితో రుద్దితే రాలిపోతాయి. చిదిమితే లోపల గులాబీ రంగు. అవి నత్రజని పట్టే బుడిపెలు, మట్టికి అదృష్టం.

వేరు శుభ్రంగా ఉంటే నా ఓటు రెండో దారికే. నులిపురుగు ఉంటే వేళ్లన్నీ ఏరి పారేసి ఎండకు పెట్టాలి, తర్వాత ఆ కుండీలో బంతి వేస్తే మంచిది. పచ్చగా ఉన్న టమాట మొక్క ఉన్నట్టుండి వాడిపోతే కాండం కోసి గాజు గ్లాసులోని నీటిలో ముంచి చూడండి. కోసిన చోటి నుంచి పాలలాంటి సన్నటి దారం దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మట్టిని ఎండ మీద నమ్మకం పెట్టుకుని కూరగాయలకు వాడొద్దు, పారేయాల్సింది అదొక్కటే.

విత్తే ముందు పాత మట్టి మూడు పాళ్లకు ఒక పాలు కంపోస్టు, కుండీకి గుప్పెడు వేపపిండి కలపాలి. ఎండకు పెట్టిన మట్టికి కంపోస్టు మరింత అవసరం. టమాట పండిన కుండీలో మళ్లీ టమాట, వంగ, మిరప వేయకుండా తోటకూరో బీరో వేయండి.